ఫెయిల్ రిపోర్టుకి మా ఆఫీసులో టేబుల్ లేదు: బయటి ఏజెన్సీలతో భవన తనిఖీ, ఒక కేస్ స్టడీ

ఆ బిల్డింగ్ దగ్గరికి నేను వెళ్లింది, మా తరఫున భవనాలు తనిఖీ చేసే బయటి ఏజెన్సీ తప్పు పట్టుకోవడానికే. నాలుగంతస్తుల వాణిజ్య భవనం. పని దాదాపు అయిపోయింది, యజమాని ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌కి దరఖాస్తు పెట్టాడు. కరెంటు కేబుళ్లు, పైపులు పైకి వెళ్లే నిలువు షాఫ్ట్‌లోకి టార్చి వేసి చూస్తే కింది అంతస్తు నుంచి టెర్రస్ దాకా ఖాళీయే. ప్రతి అంతస్తులో స్లాబు మట్టం దగ్గర ఆ సందుని మంటకి తట్టుకునే పదార్థంతో మూసెయ్యాలి, దీన్నే ఫైర్ స్టాపింగ్ అంటారు. మూయకపోతే కింద ఎక్కడో చిన్న నిప్పు అంటుకున్నా ఆ షాఫ్ట్ పొగగొట్టంలా పనిచేసి పై అంతస్తులన్నిటినీ పొగతో నింపేస్తుంది. అగ్నిప్రమాదాల్లో మంట తగలకుండానే పొగకి ఊపిరాడక పోయేవాళ్లు చాలామంది. ఫోటోలు తీసుకున్నాను. ఏజెన్సీకి ఇవ్వాల్సిన మెమో కారులోనే మనసులో రాసేసుకున్నాను.

ఆఫీసుకొచ్చి ఫైలు తెరిస్తే, నాలుగు నెలల కిందటే ఆ ఏజెన్సీ ఇన్‌స్పెక్టర్ పెట్టిన రిపోర్టు అందులోనే ఉంది. షాఫ్ట్‌లలో ఫైర్ స్టాపింగ్ లేదు, ఫెయిల్ అని స్పష్టంగా రాశాడు. అవే కోణాల్లో ఫోటోలు, నావాటికంటే బాగా వచ్చాయి. మా పోర్టల్‌లో ఆ రిపోర్టు ఎదురుగా ఉన్న మాట ఒకటే: "అందినది".

మెమో ఎవరికివ్వాలో ఆ సాయంత్రం దాకా తేలలేదు.

మేం బయటి ఏజెన్సీలని ఎందుకు పెట్టుకున్నామో ముందు చెప్పాలి. మాది చిన్న పాలక సంస్థ. భవన విభాగంలో ఇంజినీర్లం ఇద్దరం. ఇద్దరం సివిలే. ఇవాళ్టి భవన నియమావళి తీస్తే అందులో స్ట్రక్చర్, కరెంటు, ప్లంబింగ్, అగ్ని భద్రత, వికలాంగులకు అందుబాటు, ఇంధన పొదుపు అన్నీ ఉంటాయి. ఒక్కోదానికి ఒక్కో మనిషిని జీతానికి పెట్టుకోవడం మాలాంటి సంస్థకి అయ్యే పని కాదు. ఈ ఇబ్బంది మా ఒక్కరిదే కాదు. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం 1999లో రాష్ట్రమంతటికీ ఒకే నిర్మాణ కోడ్ చట్టం చేసింది, 2004 నుంచి అమలు చేసింది. అక్కడ టౌన్‌షిప్‌లు, బరోలు అనే చిన్న స్థానిక సంస్థలు వేలల్లో ఉన్నాయి. చాలావాటికి సొంత ఇన్‌స్పెక్టర్‌ని పెట్టుకునే స్తోమత లేదు. అందుకే రాష్ట్ర కార్మిక శాఖ సర్టిఫై చేసిన ప్రైవేటు ఏజెన్సీలతో ఒప్పందం చేసుకుని పని నడుపుకునే వీలు చట్టంలోనే పెట్టారు. ప్లాను చూడ్డానికి గడువు కూడా ఉంది: ఇళ్లకి 15 పనిదినాలు, వాణిజ్య భవనాలకి 30. మేం ఒప్పందం రాసుకునేటప్పుడు గడువుల వరకు ఆ పద్ధతినే చూసి రాసుకున్నాం.

మిగతాది సొంత తెలివితో రాసుకున్నాం. తప్పులన్నీ అక్కడే దొర్లాయి.

ప్యానెల్‌లో మూడు ఏజెన్సీలు. ఏ ఏజెన్సీ కావాలో బిల్డరే ఎంచుకోవచ్చు. ఫీజు ఫైలుకి ఇంత అని ఒక్కటే, అందులోనే మళ్లీ మళ్లీ చేసే తనిఖీలు కూడా కలిసి ఉంటాయి. ఏజెన్సీ పాస్ అని రాస్తే పోర్టల్‌లో బిల్లు తయారై అకౌంట్స్‌కి వెళ్తుంది, బిల్డర్‌కి తర్వాతి దశ తెరుచుకుంటుంది. కాగితం మీద చూస్తే చక్కగా ఉంది. కౌన్సిల్‌లో ఎవరూ ఒక్క ప్రశ్న వెయ్యలేదు. వేసి ఉంటే బావుండేదని ఇప్పుడనిపిస్తుంది.

మొదటి అనుమానం అంకెలు చూస్తే వచ్చింది. దాదాపు ప్రతి తనిఖీ మొదటి విజిట్‌లోనే పాస్. సైటు పని తెలిసినవాళ్లకి ఇది నమ్మే మాట కాదని వెంటనే అర్థమవుతుంది. ఎంత మంచి మేస్త్రీ అయినా ఎక్కడో ఒకచోట కవర్ బ్లాకు జారుతుంది, ఒక కడ్డీ తగ్గుతుంది, షట్టరింగ్‌లో చెత్త ఉండిపోతుంది. అసలు తనిఖీ జరిగితే ఫెయిల్‌లు ఉండి తీరాలి. మా ఫీజు పద్ధతిలో ఫెయిల్ రాసిన ఇన్‌స్పెక్టర్ మళ్లీ సొంత పెట్రోలు పోసుకుని రావాలి, ఆ రెండో రాకకి పైసా రాదు. కాబట్టి చిన్నవాటికి నోటిమాటగా "సరిచేసుకోండి" అని చెప్పి పాస్ రాసి వెళ్లిపోవడం అలవాటైంది. ఆ తర్వాత పెద్దవాటికీ అదే అలవాటైంది.

రెండోది ఫోటోలు. రెండు వేర్వేరు ఫైళ్లలో పునాది గుంట ఫోటోలో ఒకే నీలం డ్రమ్ము, దాని అంచు మీద ఒకేలా ఆరేసిన ఒకే ఎర్ర తువ్వాలు. ఆ రెండు సైట్లకీ మధ్య ఊరంత దూరం. ఆ ఏజెన్సీని ప్యానెల్ నుంచి తీసేశాం, దాని గురించి ఇంతకంటే చెప్పడానికేం లేదు. మోసం దొరికితే వేటు వెయ్యడం తేలికే. ఎవరూ మోసం చెయ్యకపోయినా తప్పు జరుగుతుంటే ఏం చెయ్యాలో తెలుసుకోవడమే కష్టం.

మిగిలిన రెండింటిలో ఒకదానికి కాస్త కఠినం అని పేరు. ఏడాది తిరిగేసరికి దానికి ఫైళ్లు సగం కూడా రావడం లేదు. బిల్డర్లు ఎవరికీ లంచం ఇవ్వక్కర్లేదు, ఎవరినీ బెదిరించక్కర్లేదు. దరఖాస్తు ఫారంలో రెండో పేరు మీద టిక్కు పెడితే చాలు. ఆ ఏజెన్సీ పెద్దాయన ఒకరోజు నా గదికి వచ్చి, "సార్, నేను ఇలాగే ఉంటే ఆఫీసు మూసుకోవాలి, మారితే నా పేరు పోతుంది. మీరే చెప్పండి" అన్నాడు. కాఫీ తాగి వెళ్లిపోయాడు. జవాబు నా దగ్గర లేదని ఆయనకీ తెలుసు.

ఈ చిక్కుని పెద్ద దేశాలే చాలా ఆలస్యంగా పట్టించుకున్నాయి. టర్కీలో 1999 ఆగస్టు భూకంపంలో పదిహేడు వేలకి పైగా చనిపోయాక, 2001లో ప్రైవేటు తనిఖీ సంస్థల చట్టం వచ్చింది. ఆ సంస్థని ఎంచుకునేది కట్టించేవాళ్లే. పద్దెనిమిదేళ్లు అలాగే నడిచింది. 2019 నుంచి ఏ భవనానికి ఏ సంస్థో ఎలక్ట్రానిక్ పద్ధతిలో ప్రభుత్వమే కేటాయిస్తోంది. అప్పటికే కట్టేసిన భవనాలకి ఆ మార్పు ఏం చెయ్యగలదు? 2023 ఫిబ్రవరి భూకంపాల్లో ఒక్క టర్కీలోనే యాభై వేలమందికి పైగా పోయారు. ఇంగ్లండ్‌లో 1980ల నుంచి బిల్డర్ కావాలంటే కౌన్సిల్ దగ్గరికి, లేదంటే ప్రైవేటు ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వెళ్లొచ్చు. తనని తనిఖీ చేసేవాళ్లని తానే ఎంచుకునే పద్ధతి పోవాలని 2018లో ప్రభుత్వం నియమించిన సమీక్షకురాలు డేమ్ జూడిత్ హాకిట్ తన నివేదికలో గట్టిగా చెప్పారు. 2022 చట్టం వచ్చాక కనీసం 18 మీటర్ల ఎత్తు లేదా కనీసం ఏడంతస్తులు ఉన్న నివాస భవనాలకి ఆ ఎంపిక తీసేసి, ఒకే జాతీయ నియంత్రణ సంస్థకి అప్పగించారు.

ఇక్కడ ఒక మాట. ఇది చదివి "ప్రైవేటు వాళ్లని పెట్టుకుంటే ఇంతే, అన్నీ మన స్టాఫే చూడాలి" అనేవాళ్లు మా కౌన్సిల్‌లోనూ ఉన్నారు. ఆ హాకిట్ నివేదికకి కారణం 2017 జూన్‌లో 72 మందిని పొట్టన పెట్టుకున్న గ్రెన్‌ఫెల్ టవర్ మంటలు. ఆ టవర్‌కి క్లాడింగ్ (బయటి గోడల మీద తొడిగే పొర) వేసిన పనిని తనిఖీ చేసింది ప్రైవేటు ఏజెన్సీ కాదు, అక్కడి కౌన్సిల్ సొంత విభాగమే. జపాన్‌లో 2005లో ఒక ఆర్కిటెక్ట్ భూకంప లెక్కలని దొంగగా మార్చిన వ్యవహారం బయటపడింది. ఆ లెక్కలు ప్రైవేటు తనిఖీ సంస్థలనీ దాటాయి, కొన్నిచోట్ల స్థానిక ప్రభుత్వ కార్యాలయాలనీ దాటాయి. జీతం ఎవరిస్తున్నారన్నది ఒక ప్రశ్న మాత్రమే.

మా కేసులో ఆ షాఫ్ట్ చెప్పింది కూడా అదే. ఇన్‌స్పెక్టర్ వెళ్లాడు, చూశాడు, నిజమే రాశాడు. కఠినమైన ఏజెన్సీ మనిషే అతను. అయినా ఏమీ జరగలేదు.

ఎందుకు జరగలేదో వెతుక్కుంటూ వెళ్తే చివరికి నా దగ్గరికే వచ్చింది. పోర్టల్ చేసే రోజుల్లో సాఫ్ట్‌వేర్ కుర్రాడు అడిగాడు: "సార్, పాస్ అకౌంట్స్‌కి పెట్టాను. ఫెయిల్ ఎవరి లాగిన్‌కి పంపమంటారు?" ప్రస్తుతానికి నాకే పెట్టు అన్నాను. నా లాగిన్‌లో అప్పటికే పన్ను నోటీసుల కాపీలు, సర్క్యులర్లు, మీటింగు పిలుపులు రోజుకి ఎన్నో వచ్చిపడుతుంటాయి. అలారం లేదు, ఎర్ర రంగు లేదు. పాస్ రిపోర్టు తెరవడానికి ఒక మనిషి జీతం తీసుకుంటున్నాడు, ఎందుకంటే దాని వెనక బిల్లు ఉంది. ఫెయిల్ వెనక బిల్లు లేదు కాబట్టి దానికి టేబుల్ కూడా లేదు.

ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ చేశాను. "మొదట్లో మూడు ఫైళ్లలో ఫెయిల్ రాశాను సార్. మీ నుంచి నోటీసు వెళ్తుందనుకున్నాను. సైట్లో పని ఆగలేదు. నాలుగోసారి వెళ్లినప్పుడు మేస్త్రీ నవ్వాడు" అన్నాడు. ఆ నవ్వు ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోగలను. ఏజెన్సీ వాళ్లు రాసేవాళ్లే కానీ ఆపేవాళ్లు కాదని సైట్లో కూలీల దగ్గర్నుంచి అందరికీ తెలుసు. మా ఒప్పందం ప్రకారం పని ఆపించే అధికారం, నోటీసు ఇచ్చే అధికారం, సర్టిఫికెట్ నిరాకరించే అధికారం మాదే. ఆ అధికారం బయటివాళ్లకి ఇవ్వకపోవడం సబబే, ఇప్పుడూ అదే అంటాను. కానీ దగ్గరుంచుకున్న అధికారాన్ని వాడే మనిషిని మేం పెట్టుకోలేదు.

మార్పులు ఒక్కసారిగా రాలేదు, కొన్ని గొడవపడి తెచ్చుకున్నాం. ఏజెన్సీని బిల్డర్ ఎంచుకోవడం ఆపేశాం. పోర్టలే వంతుల వారీగా ఇచ్చేలా, ఒకే బిల్డర్‌కి వరసగా ఒకే ఏజెన్సీ పడకుండా చూసేలా పెట్టాం. ఫీజు విజిట్ లెక్కన మార్చాం. బిల్డర్ మాకు కడతాడు, మేం ఏజెన్సీకి ఇస్తాం. మళ్లీ తనిఖీ అవసరమైతే దానికీ అంతే ఫీజు. దీనికి ఉల్టా ప్రమాదం ఉంది: డబ్బు కోసం చిన్నచిన్న వంకలు పెట్టి ఫెయిల్ చెయ్యొచ్చు. అందుకని ఒకే అంశం మీద మూడోసారి తనిఖీ వస్తే దానికి మా ఇద్దరిలో ఒకరం వెళ్లాలని పెట్టుకున్నాం. ఫెయిల్ రిపోర్టు వస్తే ఒక పనిదినం లోపల ఆపివేత నోటీసు వెళ్లాలి, లేదా ఎందుకు పంపలేదో సంతకంతో రాయాలి. పోర్టల్‌లో గడియారం తిరుగుతూ ఉంటుంది, అది కమిషనర్ స్క్రీన్ మీద కూడా కనిపిస్తుంది. ఈ చివరిది నాకు ఇష్టం లేదు. ఇష్టం లేదు కాబట్టే పనిచేస్తోంది.

అన్నిటికంటే ఎక్కువ నేర్పింది మాత్రం ఆకస్మిక ఆడిట్. ఏజెన్సీ పాస్ రాసిన సైటుకి, కాంక్రీటు పోసేలోపు, చెప్పకుండా మేం వెళ్లడం. పోసేలోపు అన్నది ముఖ్యం. పోసిన తర్వాత కవర్ మీటర్ అనే పరికరం పెట్టి లోపల కడ్డీలు ఎక్కడున్నాయో, ఎంత దూరంలో ఉన్నాయో కొంతవరకు చెప్పొచ్చు. కోర్ (గుండ్రటి కాంక్రీటు ముక్క) తీసి కాంక్రీటు బలం చూడొచ్చు. పిల్లరు నిలువు కడ్డీల చుట్టూ కట్టే రింగు చివర కొక్కెం ఎలా వంచారో మాత్రం పగలగొడితే తప్ప తెలియదు. ఆ కొక్కెం 135 డిగ్రీలు వంగి పిల్లరు లోపలికి దిగాలి. 90 డిగ్రీలకి వదిలేస్తే మామూలు రోజుల్లో తేడా ఏమీ కనిపించదు. భూకంపం వచ్చి కడ్డీల పైన కప్పి ఉన్న కాంక్రీటు రాలినప్పుడు ఆ రింగు తెరుచుకుంటుంది, నిలువు కడ్డీలు బయటికి వంగిపోతాయి, పిల్లరు నలిగిపోతుంది.

మా మొదటి ఆడిట్‌లలో ఒకదాంట్లో సరిగ్గా అదే దొరికింది. పాస్ రాసి గంట కూడా కాలేదు. పిల్లర్లన్నిటికీ 90 డిగ్రీల కొక్కేలే. ఇన్‌స్పెక్టర్‌ని వెనక్కి పిలిపించాను. పాతికేళ్ల కుర్రాడు, బెదిరిపోయాడు. "డ్రాయింగ్‌లో హుక్ డీటెయిల్ లేదు సార్" అని తన చేతిలోని కాగితం చూపించాడు. నిజంగానే ఆ కాగితంలో లేదు. డీటెయిల్స్ అన్నీ ఇంకో షీటులో ఉన్నాయి. ఆ షీటుని సైటుకి ప్రింటు తీసి పంపలేదు. మేస్త్రీకి ఇచ్చింది, ఇన్‌స్పెక్టర్‌కి ఇచ్చింది ఒకే అసంపూర్తి సెట్టు. కట్టింది చేతిలో ఉన్న డ్రాయింగ్‌తో సరిపోయింది, అతను పాస్ రాశాడు. అతన్ని తిట్టడానికి మాట రాలేదు. అప్పట్నుంచి మా స్టాంపు ఉన్న పూర్తి సెట్టు సైట్లో లేకపోతే తనిఖీయే మొదలుపెట్టకూడదని, వచ్చిన రాకకి ఫీజు పడుతుందని నిబంధన పెట్టాం. ఇంత చిన్న నిబంధన ఇంత పని చేస్తుందని నేను అనుకోలేదు.

ఫెయిల్‌లు పెరిగాయి. పెరగాలి కూడా. బిల్డర్ల సంఘం వాళ్లు ఛైర్‌పర్సన్ దగ్గరికి వెళ్లి "మేడమ్, పనులు ఆగిపోతున్నాయి, కూలీలు వెళ్లిపోతున్నారు" అని మొరపెట్టుకున్నారు. అందులో నిజం లేకపోలేదు. జపాన్ 2007లో ఆ దొంగ లెక్కల వ్యవహారం తర్వాత తనిఖీలు కట్టుదిట్టం చేస్తే, చూసేవాళ్లు చాలక అనుమతులు కుప్పపడి ఆ ఏడాది ఇళ్ల నిర్మాణం బాగా పడిపోయింది. అది తెలిసే, కాంక్రీటు ముందు తనిఖీ అడిగితే తర్వాతి పనిదినంలో మనిషి రావాలి, రాకపోతే ఏజెన్సీకి ఆ విజిట్ ఫీజు ఉండదు అని ఒప్పుకున్నాం. బిల్డర్లు ఇంకోటి అడిగారు: ఇన్‌స్పెక్టర్ రాకపోతే ఫోటోలు తీసి మేమే పోసేసుకుంటాం. కాంపౌండ్ గోడకి సరే అన్నాను. పునాదులు, పిల్లర్లు, స్లాబులకి ఒప్పుకోలేదు. ఆ నీలం డ్రమ్ము ఫోటోలు అప్పుడు నా టేబుల్ మీదే ఉన్నాయి.

ఇక బాధ్యత ఎవరిది అన్నది. 2014 నవంబర్‌లో మెల్‌బోర్న్‌లోని లాక్రోస్ టవర్‌లో ఎనిమిదో అంతస్తు బాల్కనీలో సిగరెట్ నుంచి అంటుకున్న మంట అల్యూమినియం ప్యానెళ్లు పట్టుకుని పై అంతస్తుల దాకా పాకింది. అదృష్టం కొద్దీ ఎవరూ పోలేదు. 2019లో ట్రిబ్యునల్ నష్టాన్ని పంచింది: ఫైర్ ఇంజినీర్‌కి 39 శాతం, అనుమతి ఇచ్చిన ప్రైవేటు సర్వేయర్‌కి 33, ఆర్కిటెక్ట్‌కి 25, సిగరెట్ పెట్టిన మనిషికి 3. సంతకం పెట్టినందుకు మూడోవంతు! మా ఏజెన్సీల మీటింగులో ఈ అంకెలు చదివాను, హాల్లో కాసేపు చప్పుడు లేదు. అయితే అలా పంచాలంటే ఏజెన్సీ బతికుండాలి, బీమా ఉండాలి. న్యూజిలాండ్‌లో 1991 చట్టం ప్రైవేటు సర్టిఫయర్లకి దారి ఇచ్చింది. ఇళ్ల గోడల్లోకి నీళ్లు దిగి చెక్క కుళ్లడం బయటపడేసరికి సర్టిఫయర్లకి బీమా దొరక్క తప్పుకున్నారు, కొందరు బిల్డర్ల కంపెనీలు కూడా మూతపడ్డాయి. దావాల్లో చివరికి నిలబడి డబ్బు కట్టింది స్థానిక కౌన్సిళ్లు. 2004 చట్టంతో ఆ ప్రైవేటు పద్ధతికి ముగింపు పలికారు. ఇది చదివాక, ఒప్పందం అయిపోయినా కొన్నేళ్లపాటు బీమా నడిపించాలని రాయించాను. ఒక ఏజెన్సీ ఆ ఒక్క నిబంధనకే సంతకం పెట్టనని వెళ్లిపోయింది. కఠినమైన ఏజెన్సీయే. ఆ పెద్దాయన ప్యానెల్ నుంచి వెళ్లిపోవడం నాకు బాధగానే ఉంది.

షాఫ్ట్ బిల్డింగ్ సంగతికొస్తే, సర్టిఫికెట్ ఆపాం. యజమాని వచ్చి కూర్చుని ఒక్కటే అడిగాడు: "నాలుగు నెలల కిందే ఫెయిల్ అని మీకు తెలుసు కదా సార్. అప్పుడు చెప్తే ఫాల్స్ సీలింగ్ వెయ్యక ముందే మూయించేవాణ్ణి. ఇప్పుడు అంతా విప్పాలి." ఇన్‌స్పెక్టర్ చెప్పలేదా అంటే, "చెప్పాడు. మీ నుంచి కాగితం రాలేదు, అంత ముఖ్యం కాదేమో అనుకున్నా" అన్నాడు. విప్పారు, మూశారు, మళ్లీ తనిఖీ చేయించి ఇచ్చాం. ఆ మళ్లీ తనిఖీ ఫీజు మాత్రం అతని దగ్గర వసూలు చెయ్యలేదు. అలా చెయ్యడానికి రూలు ఏదీ లేదు, నోట్‌ఫైల్‌లో కారణం రాసి పెట్టాను.

పోయిన వారం గడియారం ఒకసారి గడువు దాటింది. కమిషనర్ స్క్రీన్ మీద ఎర్రగా వెలిగింది. నేను సెలవులో ఉన్నాను, నా బదులు చూడాల్సిన లాగిన్ ఇంకా తయారు చేయించలేదు.